విదేశముల మాట, ఇంటి లెక్క

ఈ శీర్షికయందు మేము వంటయింటి పొదుపును గూర్చియు, పిల్లల చదువును గూర్చియు వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసమున వ్రాయబూనిన విషయము కొందరికి వింతగా దోపవచ్చును. ఇల్లు కదలక చిన్న వ్యాపారము చేసికొను స్త్రీలు విదేశములలోని కొనుగోలుదారులతో మాటలాడుటకు ఎంత వ్యయము చేయుచున్నారు, ఆ వ్యయమును అంతర్జాలము మూలమున ఎట్లు తగ్గించుకొనవచ్చును అనునదియే యా విషయము. "ఇది మగవారి వ్యవహారము గదా" యని పుట త్రిప్పివేయకుడు. అప్పడములు, ఆవకాయ, అల్లిక, చీరెలు మొదలగువానిని సముద్రము లావలికి పంపు గృహిణులు నేడు మన యూళ్ళలో కొల్లలుగా నున్నారు. వారి లాభములో ఎంత భాగము మాటలకే కరగిపోవుచున్నదో లెక్కించుకొన్నవారు మాత్రము అరుదు.

మేమును లెక్కించి యెరుగము. మొన్నటి సంక్రాంతికి నరసాపురమున మా చిన్నాడబిడ్డ యింటికి పోయినప్పుడే ఆ లెక్క మా కన్నుల బడినది.

నరసాపురపు లేసు పేరు వినని తెలుగింటి యాడుది యుండదు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు నేర్పిన యల్లిక అది. గోదావరి లంకల యూళ్ళలో ఇంటింటను సూదియు దారపుకండెయు నాటినుండి నేటివరకు ఆగలేదు. 2024వ సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. మా యాడబిడ్డ ఆరుగురు స్త్రీలచేత బల్లగుడ్డలు, దిండుగలీబులు అల్లించి ఇంగ్లండునకు, అమెరికాకు, దుబాయికి పంపుచుండును. కొనువారు మొత్తము ఐదుగురు. పెద్ద వ్యాపారము కాదు గాని, ఆమె పిల్లల జీతములును, ఆ యారు కుటుంబముల యుప్పును పప్పును దానిమీదనే గడచుచున్నవి.

ఆనాడు మధ్యాహ్నము భోజనములైన పిమ్మట మేము అరుగుమీద గూర్చుండి యుంటిమి. ఆమె ఫోను తీసికొని లోనికి పోయి, గోడ గడియారము నెదుట నిలువబడి, రైలు తప్పిపోవుచున్న మనిషివలె నాలుగు మాటలు గబగబ పలికి, అవతలివారు ఇంకను ఏదియో చెప్పుచుండగనే "ఓకే, ఓకే" యని పెట్టివేసినది. మాకు నవ్వు వచ్చినది.

"ఏమమ్మా, ఎవరో తరుముకొని వచ్చుచున్నట్లు మాటలాడితివి?" అంటిమి.

"మాట కాదు వదినా, అది మీటరు. నిమిషమునకు పదునొకండు రూపాయలు. ఇదిగో చూడు" అని చెప్పి గూటిలోనుండి బిల్లు తీసి మా చేతిలో బెట్టినది. ఆ మాసమున విదేశములకు 260 నిమిషములు, 2,860 రూపాయలు.

పిమ్మట పెట్టె తెరచి మరియొకటి చూపినది. తెల్లని బల్లగుడ్డలు ఇరువదియారు, కర్పూరపుబిళ్ళలు వేసి మడచి పెట్టియుండెను. గత దసరాకు ముందు ఇంగ్లండు దుకాణమువారు ఫోనులో 'ఫోర్టీన్' అన్నారట. ఈమెకు 'ఫార్టీ' యని వినబడినది. మరల నడిగినచో ఇంకొక పదునొకండు రూపాయలు పోవునన్న తొందరలో అడుగలేదు. నలువది గుడ్డలు అల్లించినది. వారు పదునాలుగు తీసికొనిరి. అల్లినవారి కూలి మాత్రము నలువదింటికిని ఈమె చేతినుండియే యిచ్చినది. "తప్పు నాది, వారి వ్రేళ్ళది కాదు గదా వదినా" అన్నది.

ఆ మాట వినుటతోడనే మా మొగము చిన్నవోయినది. ఎందుకనగా, మూడేండ్లక్రిందట ఆమె యీ వ్యాపారము మొదలిడినప్పుడు "పైదేశపు ఫోను ఖరీదైనది, ముక్తసరిగా మాటలాడుము" అని బుద్ధి చెప్పినవారము మేమే. మాటను పొదుపు చేయుమంటిమే గాని, మాటయొక్క వెలను తగ్గించు మార్గము వెదకుమని చెప్పలేదు. ఆ యిరువదియారు గుడ్డలలో మా పాలును గలదు. ఆ ఋణము తీర్చుకొనుటకై మా వారిని, అనగా బడిలో లెక్కలు చెప్పు మాష్టారుగారిని, కూర్చుండబెట్టుకొని నాలుగు దినములు నేర్చుకొంటిమి. నేర్చుకొన్నది మీకును నివేదించుచున్నాము.

మొదట, ఒకే మాటకు ఒక దారిని పదునొకండు రూపాయలును, ఇంకొక దారిని ఇంచుమించు శూన్యమును ఎట్లగును? నరసాపురమువారికి ఇది రేవు చూపి చెప్పవచ్చును. సఖినేటిపల్లికి దాటదలచినవాడు పడవ నంతను తనకొరకే బాడుగకు గట్టుకొనవచ్చును. అప్పుడు పడవలో ఒక్కడే కూర్చున్నను, కూర్చుండక గట్టుననే నిలిచినను, పడవ బాడుగ యంతయు నీయవలెను. లేదా పదిమందితోపాటు పంటులో నెక్కవచ్చును. అప్పుడు తనవంతు రేవురుసుము మాత్రమే. 1876వ సంవత్సరమున అలెగ్జాండరు గ్రాహంబెల్లు పేటెంటు పొందిన నాటినుండి టెలిఫోను పడవబాడుగ పద్ధతినే నడచినది. మనము మాటలాడుచున్నంతసేపును ఈ యింటినుండి ఆ యింటివరకు ఒక మార్గము మనకొరకే ప్రత్యేకింపబడి యుండును. మౌనముగా నున్నను గడియారము తిరుగుచునే యుండును. అదిగాక మార్గమధ్యమున నీ దేశపు సంస్థయు, సముద్రము దాటించు సంస్థయు, ఆ దేశపు సంస్థయు ఒక్కొక్కటియు తన సుంకము తీసికొనును.

అంతర్జాలము పంటువంటిది. మన కంఠధ్వనిని ఫోను అంకెలుగా మార్చి, సెకనుకు ఏబది చిన్న పొట్లములుగా గట్టి, ఒక్కొక్కదానిపై చేరవలసిన చిరునామా వ్రాసి వదలును. ఆ పొట్లములు ఇతరుల యుత్తరములతోను, చిత్రములతోను గలసి ఏ దారి యనుకూలముగా నున్న నా దారిని పోయి, అవతలి ఫోనులో వరుసగా విప్పబడి తిరిగి ధ్వని యగును. పొట్లము లండనుకు పోయినను లంకలగన్నవరమునకు పోయినను మనకు రుసుము ఒక్కటే. మనము నెలకు డేటా కింద చెల్లించు సొమ్ములోనే యది యడగిపోవును.

అది ఎంత డేటా యని మా వారిని లెక్క గట్టుమంటిమి. పూర్వపు టెలిఫోనుధ్వనిని అంకెలుగా మార్చినచో సెకనుకు 64,000 బిట్లు, అనగా 8,000 బైటులు. నిమిషమునకు 4,80,000 బైటులు. రెండువైపుల మాటలును, పొట్లములపై చిరునామాల బరువును గలుపుకొనినను నిమిషమునకు ఒకటింపావు మెగాబైటునకు మించదు. ఆ చొప్పున ఒక జీబీతో పదమూడు గంటలకు పైగా మాటలాడవచ్చును. 2012వ సంవత్సరమున ప్రమాణముగా నేర్పడిన 'ఓపస్' వంటి నూతన పద్ధతులలో ధ్వనిని ఇంకను చిన్నదిగా మడచుదురు గావున వ్యయము అంతకంటెను తక్కువయే. ముఖములు చూచుకొను వీడియోకు మాత్రము దీనికి అనేకరెట్లు పట్టును.

ఈ సౌకర్యము మన దేశమున ఒక్కనాట రాలేదు. 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని అంతర్జాలము మన దేశప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. దాని మూలమున మాటలాడుటకు ప్రభుత్వమువారి యనుమతి 2002 ఏప్రిల్ 1వ తేదీనుండి లభించినది. అంతకుముందు విదేశములందు బిడ్డలున్న తల్లులు పసుపుపచ్చని ఎస్టీడీ బూతులముందు రాత్రివేళ వరుసగట్టి, ఎదుట ఎఱ్ఱయంకెలు పరుగెత్తుచుండగా "బాగున్నావా, తిన్నావా" యని రెండు మాటలాడి, మూడవ మాట మ్రింగికొని వచ్చిన సంగతి మాకు జ్ఞాపకమున్నది. 2003వ సంవత్సరమున 'స్కైపు' వచ్చినది. స్వీడనుదేశపు జెన్‌స్ట్రోమ్, డెన్మార్కుదేశపు ఫ్రీస్ అనువారు దానిని స్థాపించిరి. 2015లో వాట్సాపునందు మాటయు, 2016లో ముఖదర్శనమును జేరినవి. ఆ 2016వ సంవత్సరముననే జియో రాకతో డేటావెల మన దేశమున మిక్కిలి తగ్గినది. ఇరువదియేండ్లకు పైగా విదేశభాషణమునకు మారుపేరుగా నిలిచిన స్కైపును దాని యజమానులగు మైక్రోసాఫ్టువారు 2025 మే 5వ తేదీని మూసివేసిరి. దీనినుండి వ్యాపారము చేయు సోదరీమణులు ఒక నీతి గ్రహింపవలెను. కొనువారి పేళ్ళు, నంబర్లు, ఆర్డర్లు ఏదో యొక యాపులోనే దాచి నమ్మియుండరాదు. ఒక నోటుపుస్తకములో వ్రాసి బీరువాలో బెట్టుకొనుడు. యాపులు వచ్చును, పోవును; పుస్తకము నిలుచును.

ఇక మార్గములు. మేము నేర్చుకొన్నంతలో మూడు గలవు.

మొదటిది యాపునుండి యాపునకు మాటలాడుట. అవతలివారికిని అదే యాపు ఉండవలెను. ఇందులకు డేటా తప్ప వేరు వ్యయము లేదు. మా యాడబిడ్డ తన కుమార్తెతో హైదరాబాదునకు నిత్యము వాట్సాపులోనే మాటలాడుచున్నది గాని, దుకాణములవారు అందు దొరకుదురని యామెకు తోచలేదు. నిజమునకు ఇంగ్లండు దుకాణము నంబరును ఒకమారు వెదకియుండెనట, కానరాలేదట. కారణము చిన్నది. ఆర్డరుకాగితముమీద ఆ దేశపు వాడుకచొప్పున మొదట సున్న వ్రాసియుండెను. విదేశపు నంబరు నెక్కించునప్పుడు మొదట ప్లస్సు గుర్తు, పిమ్మట దేశసంఖ్య, అనగా ఇంగ్లండునకు 44, అమెరికాకు 1, దుబాయికి 971, వేసి, ఆంగ్లదేశపు నంబరు మొదట నున్న సున్నను విడిచిపెట్టవలెను. అట్లు చేయగనే దుకాణము కనబడినది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ అను యాపునందు దుకాణపు ల్యాండులైను నంబరునైనను నమోదు చేసికొనవచ్చును. కనుక అది చేతిఫోను నంబరు కాదని నిరాశ చెందనక్కరలేదు. ఆ యాపులోనే మన వస్తువుల చిత్రములను వెలలతో వరుసగా బెట్టుకొను వీలును గలదు. వ్యాపారమునకు వేరొక నంబరు తీసికొనుట మంచిది. లేనిచో అత్తవారింటి శుభలేఖయు, అమెరికావారి ఆర్డరును ఒకేచోట గలగాపులగ మగును.

రెండవది యాపునుండి మామూలు టెలిఫోనునకు మాటలాడుట. అవతలివారు యాపు వాడని వృద్ధులైనను, కార్యాలయపు టెలిఫోనైనను ఇది యుపయోగించును. కొన్ని యాపులయందు ముందుగా కొంతసొమ్ము చెల్లించినచో అది నిమిషములచొప్పున తరుగుచుండును. ల్యాండులైనునకు ఒక వెల, చేతిఫోనునకు వేరొక వెల యుండును. కావున డబ్బు కట్టుటకు ముందు మనకు కావలసిన దేశపు వెలను చూచుకొనవలెను. వేసిన సొమ్మునకు గడువున్నదేమోయని కూడ చూచుకొనవలెను.

మూడవది మన ఫోనుసంస్థవారే విదేశపు నిమిషములను మూటగా నమ్ముట. అంతర్జాలము సరిగా నందని పల్లెలలో నున్నవారికి ఇది మేలు. విడినిమిషముల వెలకంటె ఇది సాధారణముగా చవుక. కాని ఏ దేశములకు చెల్లును, ఎన్నిదినములు చెల్లును అనునది చదివిగాని కొనరాదు.

మా యాడబిడ్డ కొనుగోలుదారులలో ముగ్గురు తక్షణమే వాట్సాపులోనికి వచ్చిరి. నాలుగవది ఇంగ్లండులో నూలుదారములమ్ము ఒక వృద్ధురాలి దుకాణము. ఆమె ల్యాండులైను తప్ప వేరొకటి ముట్టదు. ఆమెకొరకు రెండవ మార్గము నవలంబించితిమి. నిమిషమునకు రెండు రూపాయలు పడినది. (ఇంగ్లండులో పాత రాగితీగల టెలిఫోను పద్ధతిని 2027 జనవరినాటికి పూర్తిగా మాన్పవలెనని నిర్ణయించియున్నారు. అప్పుడు ఆ వృద్ధురాలి మాటయు, తన కెరుక లేకుండగనే, అంతర్జాలపు పంటెక్కక తప్పదు.)

ఐదవవాడు దుబాయి వర్తకుడు. అతనికి వాట్సాపులో ఎన్నిమారులు పిలిచినను అందలేదు. సందేశములు మాత్రము పోవుచుండెను. "డబ్బు ఎగవేయుటకే పలుకుటలేదు" అని మా యాడబిడ్డ యనుమానించి, కటువుగా నొక సందేశము వ్రాయబోవుచుండగా మేము ఆపితిమి. విచారింపగా తెలిసిన దేమనగా, ఐక్యఅరబ్బుదేశములలో అనుమతి పొందిన యాపులలో తప్ప అంతర్జాలభాషణమునకు వీలులేదు. మామూలుగా వాట్సాపునందు సందేశములు పోవును గాని మాట పోదు. 'బోటిమ్' వంటివి అచ్చట చెల్లును. గల్ఫులో బిడ్డలున్న తల్లులకు ఇది తెలిసినదే గాని, వ్యాపారము చేయువారికి తెలియక స్నేహములు చెడుటయు గలదు. ఏ దేశమువారితో మాటలాడదలచినను ఆ దేశపు నిబంధన మొదట నెరుగవలెను. నిబంధనను దాటు దొంగదారులు చూపువారి మాట వినరాదు.

వేళ యెరుగుటయు ముఖ్యమే. చవుకయైనది గదా యని అర్ధరాత్రి లేపినచో ఆర్డరు రాదు, తిట్టు వచ్చును. మన మధ్యాహ్నము రెండున్నర లండనులో శీతకాలపు ఉదయము తొమ్మిది. వేసవిలో వారు గడియారము ముందునకు జరుపుదురు గావున మన ఒంటిగంటన్నరయే వారికి తొమ్మిది. న్యూయార్కులో ఉదయము తొమ్మిదియైనప్పుడు మనకు శీతకాలమున రాత్రి ఏడున్నర, వేసవిలో సాయంకాలము ఆరున్నర. అమెరికావారు మార్చినెల రెండవ యాదివారమునను, ఇంగ్లండువారు అదే నెల కడపటి యాదివారమునను గడియారము జరుపుదురు. ఆ నడుమ రెండుమూడు వారములు లెక్క తప్పుట సహజము. మా యాడబిడ్డ యిప్పుడు దేవునిగది ప్రక్కగోడకు ఐదు పేళ్ళును, వారివారి వేళలును వ్రాసిన కాగితము అంటించుకొన్నది.

మాటలాడు విధమునకును కొంత శిక్షణ వలయును. పొట్లములుగా పోవు మాట అవతలికి చేరుటకు క్షణములో కొంతభాగము పట్టును. ఒకవైపు ఆలస్యము సెకనులో వేయింట నూటయేబది వంతులకు మించకున్న మనకు తెలియదని నిపుణుల ప్రమాణము. అది మించినచో ఇరువురును ఒక్కసారి మాటలాడి, ఇరువురును ఒక్కసారి ఆగుదురు. అప్పుడు విసుగుకొనక, ఒక వాక్యము ముగించి ఒక యూపిరి ఆగవలెను. చెవిలో బెట్టుకొను తీగగలిగిన ఇయర్‌ఫోను వాడినచో ప్రతిధ్వని యుండదు. వైఫై పెట్టెయున్న గదిలోనే కూర్చుండుట మేలు. కరెంటు పోయినచో ఆ పెట్టెయు ఆగిపోవును గావున దానికి చిన్న బ్యాటరీ యొకటి యుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, మాటలాడిన పిమ్మట అంకెలన్నియు సందేశముగా వ్రాసి పంపి, "ఇదియే గదా?" యని వారిచేత ఒప్పించుకొనుట. ఫోర్టీనును ఫార్టీయు చెవికి కవలపిల్లలు. కంటికి మాత్రము 14 వేరు, 40 వేరు.

జాగ్రత్తలు రెండుమూడు చెప్పక విడువరాదు. చవుకైన దారిని దొంగలును నడతురు. ఎరుగని విదేశపు నంబరునుండి పిలుపు వచ్చినచో తొందరపడి పలుకకుడు. పోలీసులమని, కస్టమ్సువారమని చెప్పి వీడియోలో కూర్చుండబెట్టి "మీరు అరెస్టయినారు" అని భయపెట్టువారు గలరు. ఫోనులో అరెస్టుచేయు పద్ధతి మన చట్టములో లేదు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. పాత కొనుగోలుదారుని పేరున "మా బ్యాంకుఖాతా మారినది, సొమ్ము ఇచ్చటికి పంపుడు" అని వ్రాత వచ్చినచో, మన పుస్తకములో నున్న పాతనంబరునకు పిలిచి ఆ కంఠము వినిగాని నమ్మరాదు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 నంబరునకు చెప్పవలెను. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము ఆగుటకు అంత యవకాశము. మరియొకటి. "మీ గది యొకటి బాడుగకిండు, సిమ్ముకార్డుల పెట్టె యొకటి బెట్టుకొందుము, నెలకింత ఇత్తుము" అని వచ్చువారు గలరు. వారు విదేశపు పిలుపులను దొంగతనముగా ఈ దేశపు పిలుపులుగా మార్చువారు. అది నేరము, ఇల్లిచ్చినవారును చిక్కులలో బడుదురు.

ఇప్పుడు లెక్క. మార్చిన మొదటి మాసమున మా యాడబిడ్డ 260కి బదులు 410 నిమిషములు మాటలాడినది. అందు 370 యాపులలో. 40 నిమిషములు వృద్ధురాలి దుకాణముతో, రెండురూపాయలచొప్పున 80 రూపాయలు. "అయితే ఎనుబది రూపాయలతో సరి" అని యామె సంతోషించినది గాని మా వారు ఒప్పలేదు. ఇంటి అంతర్జాలమునకు నెలకు 600 రూపాయలు కట్టుచున్నారు. అందు నాలుగవవంతు వ్యాపారమునకు వ్రాయవలెనని, 150 కలిపి మొత్తము 230 అని తేల్చిరి. మిగిలినది 2,630 రూపాయలు. ఉచితమనుకొన్న దానికిని ఎచ్చటనో వెల గలదు. దానిని వ్రాసికొననివాని లెక్క లెక్క కాదని వారి సిద్ధాంతము.

సోదరీమణులారా, మేమీ విషయమును వ్రాయుటకు ఆ 2,630 రూపాయలు మాత్రమే కారణము కాదు.

నరసాపురపు లేసుస్త్రీలను గూర్చి జర్మనుదేశపు సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982వ సంవత్సరమున ఒక గ్రంథము ప్రకటించెను. ఆ స్త్రీలు దినమంతయు అల్లుచున్నను లోకము వారిని శ్రామికులుగా గాక ఇంట తీరికగా గూర్చున్న గృహిణులుగానే చూచినదనియు, లాభము వర్తకులకు పోయినదనియు ఆమె చూపినది. వారి వ్రేళ్ళ పని సముద్రము దాటినది గాని వారి మాట వీధిగుమ్మము దాటలేదు. నడుమ నొక దళారి యుండెను. అతడు చెప్పిన వెలయే వెల. మా యాడబిడ్డయు మొదటి రెండేండ్లు ఒక దళారి చేతిక్రిందనే పనిచేసినది. "విదేశపు ఫోనుఖర్చు మీ యాడువారు భరింపలేరు" అనుటయే యతని బలము. భాగవతమున రుక్మిణీదేవి తన మనసులోని మాటను అగ్నిద్యోతనునిచేత పంపినది. ఆ విప్రుడు ఉన్నది ఉన్నట్లు చెప్పెను గనుక కథ శుభమైనది. అందరికిని అట్టి దూత దొరకునా? దొరకనప్పుడు మన మాటను మనమే చెప్పుకొనగలుగుట ఎంత భాగ్యము!

మేము తిరిగి వచ్చుటకు ముందునా డొక సంగతి జరిగినది. అమెరికాలోని ఒక తెలుగువారి దుకాణమునుండి వీడియోలో పిలుపు వచ్చినది. గడియారపు భయము లేదు గనుక మా యాడబిడ్డ ఫోనును అరుగుమీద పీటకు ఆనించి, అల్లుచున్న స్త్రీల నందరిని చూపినది. అందు పెద్దామె, అరువదియేండ్లు పైబడినది, చిన్ననాటినుండి అల్లుచున్నది, తాను చేసిన గుడ్డను కొనువారి ముఖము అదివరకెన్నడును చూచి యెరుగదు. దుకాణపు గృహిణి "ఈ నెమలిపింఛపు కుట్టు ఎవరు వేసినారు?" అని యడిగినది. పెద్దామె సూది యాపి, "నేనేనమ్మా" అన్నది. "ఒక గుడ్డకు ఎన్నాళ్ళు పట్టును?" అని యావిడ యడుగగా, "చూపు బాగున్ననాడు నాలుగు దినములు, మబ్బుపట్టిననాడు ఐదు" అని చెప్పినది. అవతల కొంతసేపు మాట వినరాలేదు. పొట్లములు దారి తప్పినవేమో యనుకొంటిమి. కాదు, ఆవిడ ఊరకుండినది. పిమ్మట వెలను గూర్చి బేరమాడలేదు.

ఆ సందర్భముననే పెట్టెలోని యిరువదియారు గుడ్డలను ఒక్కొక్కటిగా విప్పి చూపితిమి. పదునొకండు కావలెనన్నది. తక్కిన పదునైదును కర్పూరముతో మరల పెట్టెలోనికే పోయినవి.

మిగిలిన సొమ్మును గూర్చి ఆ రాత్రి ఆడబిడ్డతో మాటలాడితిమి. "వదినా, నెలకు అరువది గుడ్డలు అల్లుచున్నారు. గుడ్డకు ముప్పదిరూపాయలు కూలి పెంచెదను" అన్నది. పదునెనిమిదివందలు అచ్చటికి పోగా ఎనిమిదివందల ముప్పది ఆమెకు మిగులును. "నీకు తక్కువ కాదా?" యని మా నోట వచ్చినది. ఆమె మా వంక చూచి, "నలువది అల్లించిననాడు ఎందుకింత యని ఒక్కతెయు నన్నడుగలేదు వదినా, నమ్మి యల్లినారు" అన్నది. మూడేండ్లక్రిందట మేము చెప్పిన బుద్ధికంటె ఇది మంచి బుద్ధియని మేము మరి మాటలాడలేదు.

మీలో విదేశములకు సరకు పంపువారుండినచో ఈ మాసపు బిల్లు తీసి, నిమిషములెన్ని, రూపాయలెన్ని యని ఒక కాగితముమీద వ్రాయుడు. ఎవరితో తొందరపడి మాటలాడితిమో, ఏమి యడుగక విడిచితిమో దాని ప్రక్కన వ్రాయుడు. ఆ రెండవ వరుసయే పెద్ద నష్టమని మీకే తోచును. సందేహము లున్నచో ఈ శీర్షికకు వ్రాయుడు. మాకు తెలిసినంత చెప్పుదుము, తెలియనిది మా వారి నడిగి చెప్పుదుము.

వచ్చే మాసమున వేసవి వచ్చుచున్నది గనుక ఊరగాయల సరకును పైయూళ్ళకు చెడకుండ కట్టి పంపు విధమును గూర్చి వ్రాయుదుము.